వానల్లో గొర్రెల డెక్కలు కుళ్ళకుండా ఏం చేస్తున్నారు? చెన్నై చుట్టుపక్కల వాళ్ళు చెప్పండి

పెరియపాళెం_మంద:
ఐదారు రోజులుగా ముసురు పట్టి మా దగ్గర నేల ఆరడమే లేదు. నా దగ్గర మద్రాస్ రెడ్ గొర్రెలు, కొన్ని నెల్లూరు పొట్టేళ్ళు ఉన్నాయి. రెండు మూడు కుంటుతున్నాయి, ఒకటైతే ముందు మోకాళ్ళ మీద వంగి మేస్తోంది. డెక్కల సందులో చూస్తే ఎర్రగా, తడితడిగా ఉంది, వెంట్రుకలు కూడా రాలాయి. ఇక్కడ అడిగితే తలా ఒక మందు చెబుతున్నారు. ఈ వైపు జీవాలు పెంచే మనవాళ్ళు ఏం చేస్తున్నారు? చాలా టెన్షన్‌గా ఉంది.

గుమ్మిడిపూండి_రైతు:
అన్నా, మందు సంగతి తర్వాత, ముందు వాసన చూడు. జీవాన్ని పిరుదుల మీద కూర్చోబెట్టి, వీపు నీ మోకాళ్ళకు ఆనించుకుని, డెక్క రెండు భాగాలూ విడదీసి తడిగుడ్డతో బురద తుడువు. చర్మం మాత్రమే ఎర్రబడి, వాసన లేకపోతే అది ఇంకా మొదటి దశ, నాట్లేసేటప్పుడు మన కాలివేళ్ళ సందులు పాసినట్టే. లోపలి వైపు గోరు కండ నుంచి విడిపోయి, కింద బూడిదరంగు జిగురు ఉండి, ముక్కు మూసుకునేంత కంపు కొడితే అది అసలు కుళ్ళు. రెండో రకం మందంతా పాకుతుంది, కాబట్టి కుంటేవాటిని ఈ రోజే వేరు చెయ్యి.

మాధవరం_పశువైద్య విద్యార్థి:
పైన అన్న చెప్పింది కరెక్ట్. ఇందులో రెండు రకాల బ్యాక్టీరియా పనిచేస్తాయి. పేడలో, బురదలో ఎప్పుడూ ఉండేది ఒకటి, అది నానిన చర్మాన్ని దెబ్బతీసి దారి ఇస్తుంది. ఆ దారిలో డైకిలోబాక్టర్ నొడోసస్ అనేది దూరి గోరును కండ నుంచి విడదీస్తుంది. ఇది బయట నేల మీద మామూలుగా వారం, రెండు వారాలకు మించి బతకదు గానీ డెక్క పగుళ్ళలో నెలల తరబడి దాక్కుంటుంది. అంటే మీ నేల కంటే సంతలో కొత్తగా కొని తెచ్చిన జీవం వల్లే ముప్పు ఎక్కువ. కొత్తవాటిని మూడు నాలుగు వారాలు విడిగా కట్టండి, కలిపే ముందు నాలుగు కాళ్ళూ చూడండి.

కాళ్ళు ముంచడానికి జింక్ సల్ఫేట్ వాడండి, వరికి జింకు లోపం వస్తే చల్లేదే. పది లీటర్ల నీళ్ళకు కిలో. కొంచెం గిన్నెలు తోమే సబ్బు ద్రావణం కలిపితే డెక్క సందుల్లోకి బాగా దిగుతుంది. బురద కడిగాకే దించాలి. దాంట్లోంచి నడిపించేస్తే సరిపోదు, కనీసం పది పదిహేను నిమిషాలు నిలబెట్టాలి, బయటికి వచ్చాక గంటసేపు పొడి నేల మీద ఉంచాలి. అసలు కుళ్ళయితే ముంచడం ఒక్కటే చాలదు, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడాలి. డోసు బరువును బట్టి డాక్టరే చెప్పాలి, షాపువాళ్ళ మాట మీద పొడిచెయ్యొద్దు.

ఊత్తుకోట_అక్క:
మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, వాడమని ఎవరైనా చెబితే జాగ్రత్త తమ్ముడూ. డెక్కలకు పనిచేస్తుంది, కాదనను, కానీ గొర్రెకు రాగి పడదు, కాలేయంలో పేరుకుపోయి ఒక్కసారిగా చచ్చిపోతుంది. మేకలు, ఆవులు తట్టుకున్నంత ఇది తట్టుకోదు. ఏ మందయినా సరే, ముంచే ముందు కడుపునిండా నీళ్ళు తాగించు, దాహంతో ఉంటే ఆ నీళ్ళలోనే మూతి పెడతాయి. మిగిలిన మందునీళ్ళు మేసే చోట, చెరువు గట్టున పారబొయ్యకు.

పొన్నేరి_బాబాయి:
మా నాన్న కాలం నుంచీ వానలకు ముందు డెక్కలన్నీ చెక్కేస్తాం. గోరు పెరిగి లోపలికి ముడుచుకుంటే పేడ, మట్టి అందులోనే నిలిచి కుళ్ళుతుంది. నా మాటేమిటంటే కుంటే జీవానికి కూడా ఆ చెడిపోయిన గోరంతా కోసేస్తేనే గాలి తగిలి మానుతుంది.

మాధవరం_పశువైద్య విద్యార్థి:
బాబాయ్, వానలకు ముందు పెరిగిన గోరు మట్టంగా చెక్కడం మంచిదే. కుళ్ళిన కాలికి మాత్రం వద్దు. రక్తం వచ్చేదాకా కోసి, ఇంజెక్షన్ ఆలస్యం చేస్తే మానడానికి ఇంకా ఎక్కువ రోజులు పడుతుందని పరిశోధనల్లో తేలింది. ముందు ఇంజెక్షన్, పుండు మీద యాంటీబయాటిక్ స్ప్రే. మానాక వంకర మిగిలితే అప్పుడు సరిచెయ్యండి. ఒక జీవానికి వాడిన కత్తి శుభ్రం చెయ్యకుండా ఇంకోదానికి పెట్టొద్దు, రోగాన్ని మనమే మోసినట్టవుతుంది.

పొన్నేరి_బాబాయి:
కత్తి సంగతి ఒప్పుకుంటాను. కోసిన ముక్కలు కూడా దొడ్డిలో వదలకుండా ఏరి కాల్చెయ్యాలి. పుండు మీద ఈగ వాలకుండా వేపనూనె రాయండి, ఈ వానల్లో ఒక్క రోజు ఏమరితే పురుగులు పడతాయి.

తిరుత్తణి_జీవాలు:
ఒక్క విషయం ఎవరూ అనలేదు. కుంటేదల్లా డెక్కల కుళ్ళు కాదు. మంద మొత్తం ఒకేసారి కుంటుతూ, జ్వరం ఉండి, నోట్లో పొక్కులొచ్చి చొంగ కారిస్తే గాలికుంటు రోగం. మూతి, పెదాలు వాచి, ముక్కు కారుతూ, డెక్క పైన వెంట్రుకలు మొదలయ్యే చోట ఎర్రటి పట్టీలా కనిపిస్తే నీలి నాలుక (బ్లూటంగ్) రోగం. అది చిన్న దోమల్లాంటి పురుగులు కుట్టి వచ్చే వైరస్, ఈ వానల కాలంలోనే ఎక్కువ, దానికి కాళ్ళు ముంచినా లాభం లేదు. కాబట్టి కాలు చూసేటప్పుడు నోరు కూడా తెరిచి చూడండి. అనుమానముంటే పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చెయ్యండి, లేదా చెన్నై వేపేరిలోని పశువైద్య కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

గుమ్మిడిపూండి_రైతు:
2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానుకు మా దొడ్డి చెరువయింది. ఆ తర్వాత నేల నుంచి మూడు నాలుగు అడుగుల ఎత్తులో చెక్కల పలకలతో అటక వేయించాను, సందుల్లోంచి పెంటికలు, ఉచ్చ కిందికి పోతాయి. సందు మాత్రం గొర్రెపిల్లల కాలు ఇరుక్కోనంత సన్నగా ఉండాలి. దానికి ఖర్చవుతుంది నిజమే. అంత పెట్టలేకపోతే నీళ్ళ తొట్టి చుట్టూ, గేటు దగ్గర గ్రావెల్ పొయ్యి అన్నా, మందంతా రోజూ తొక్కేది ఆ రెండు చోట్లే. పడుకునే చోట వరిపొట్టు పరిచి, తడిసింది తడిసినట్టు తీసెయ్యి. సున్నం చల్లితే ముందే నీళ్ళతో విరిపించిన పొడి సున్నమే చల్లు, విరిపించని సున్నం తడి తగిలితే కాళ్ళు కాలుస్తుంది.

పెరియపాళెం_మంద:
అందరికీ చాలా థాంక్స్. పొద్దున అన్నిటి నోళ్ళూ చూశాను, పొక్కులు, వాపు లేవు. మోకాళ్ళ మీద మేసేదానికి మాత్రం కంపు ఉంది, గోరు కొంచెం లేచింది. డాక్టర్‌గారు వచ్చి ఇంజెక్షన్ వేశారు. మిగతావాటిని జింక్ సల్ఫేట్‌లో నిలబెట్టాను. ఒక్క డౌట్, ఇంజెక్షన్ పడ్డదాన్ని మానాక కోతకు అమ్మొచ్చా?

మాధవరం_పశువైద్య విద్యార్థి:
వెంటనే వద్దన్నా. మందు మాంసంలో కొన్నాళ్ళు మిగిలి ఉంటుంది. సీసా మీద ఎన్ని రోజులు ఆగాలో రాసి ఉంటుంది, వేసిన తేదీ గోడ మీద రాసిపెట్టుకోండి. మానాక కూడా మళ్ళీ మళ్ళీ కుంటుతుంటే దాన్ని ఈతకు ఉంచుకోవద్దు, ఆ గడువు దాటాక అమ్మెయ్యండి.