టెన్త్ పాసైన తమ్ముడిని ఐటీఐలో చేర్పిద్దామంటే ఖర్చులకి స్కాలర్‌షిప్ వస్తదా?

పాలమూరు పోరి:
అందరికీ నమస్తే. మా చిన్నమ్మ కొడుకు ఈసారి టెన్త్ పాసయ్యిండు, చిన్నాయన లేడు, చిన్నమ్మ కూలికి పోతది. వాడికి మహబూబ్‌నగర్ గవర్నమెంట్ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేయాలనుంది, కానీ ఊరి నుంచి రోజూ రానుపోను, తిండి, బుక్స్, ఇవన్నీ రెండేళ్ళు ఎట్లా నెట్టుకొస్తరో తెలుస్తలేదు. మేం బీసీలం. స్కాలర్‌షిప్ ఐటీఐ వాళ్ళకి కూడా ఉంటదా, ఇంటర్ డిగ్రీ వాళ్ళకేనా?

ఫిట్టర్ అన్న:
ఉంటది చెల్లె. ఈపాస్‌లో, అంటే గవర్నమెంట్ స్కాలర్‌షిప్‌లకి ఆన్‌లైన్ల అప్లై చేసే సైట్ల, ఐటీఐ కూడా పోస్ట్ మెట్రిక్ (టెన్త్ తర్వాతి చదువులు) కిందికే వస్తది. బీసీలకి ఊర్లో అయితే ఏడాది ఆదాయం లక్షన్నర లోపు, టౌన్ల అయితే రెండు లక్షల లోపు ఉండాలె. ఆర్‌టీఎఫ్ అంటే ఫీజు, ఎంటీఎఫ్ అంటే మెయింటెనెన్స్ పైసలు. గవర్నమెంట్ ఐటీఐల ఫీజు ఎట్లాగూ తక్కువే, పిల్లలు మధ్యల మానేసేది ఫీజు కట్టలేక కాదు, బస్ కిరాయికి మధ్యాహ్నం తిండికి చేతిల పైసల్లేక. నాతోని చేరినోళ్ళు కొందరు అట్లనే సెంట్రింగ్ పనికి పోయిండ్రు, నాకన్నా మంచి పనోళ్ళు, ఇప్పటికీ బాధైతది. అందుకే అడ్మిషన్ కాంగనే బీసీ కాలేజ్ హాస్టల్‌కి అప్లై చేయించు. హాస్టల్ల ఉంటే ఎంటీఎఫ్ మెస్సుకే పోతది, చేతికి రాదు, అయినా అదే నయం, ఎందుకంటే స్కాలర్‌షిప్ బడ్జెట్ రిలీజైతేనే పడ్తది, పొద్దుగాల బస్సు దానికోసం ఆగదు కదా.

వనజ_టీచర్:
రెండేళ్ళు ఆగే పరిస్థితి అస్సలు లేకపోతే డీడీయూ-జీకేవై అనే కేంద్ర ప్రభుత్వ ట్రైనింగ్ స్కీం చూడండమ్మా, 2014లో వచ్చింది, పల్లెటూరి పేద పిల్లలకి 15 నుంచి 35 ఏళ్ళ వరకు, ట్రైనింగ్ ఫ్రీ, అక్కడే ఉండి నేర్చుకునే సెంటర్లయితే తిండీ బసా కూడా. తెలంగాణలో దాన్ని ఈజీఎంఎం అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ వాళ్ళు చూస్తారు. బ్యాంకులు నడిపే ఆర్‌సెటీల్లో (స్వయం ఉపాధి ట్రైనింగ్ సెంటర్లు) కూడా అంతా ఫ్రీనే కానీ 18 నిండాలి, మీ తమ్ముడికి ఇప్పుడే కుదరదు. నన్నడిగితే మాత్రం ఎలాగోలా ఐటీఐయే చేయించండి, కరెంటాఫీసు జూనియర్ లైన్‌మెన్ పోస్టుకి ఐటీఐ సర్టిఫికెట్ అడుగుతారు, షార్ట్ కోర్సుది అక్కడ పనికిరాదు.

ఫిట్టర్ అన్న:
టీచరమ్మ చెప్పింది కరెక్ట్. ఐటీఐ అయినంక అప్రెంటిస్ కూడా చేయించు, స్టైపెండ్ ఇస్తరు. 2016ల పెట్టిన న్యాప్స్ అనే కేంద్రం అప్రెంటిస్ స్కీంల ఆ స్టైపెండ్‌ల 25 శాతం, నెలకి 1,500 దాకా కేంద్రం భరిస్తది, అందుకే చిన్న కంపెనీలు కూడా తీసుకుంటయ్.

పాలమూరు పోరి:
చాలా థ్యాంక్స్ అన్నా, టీచర్ గారూ. ఇన్‌కమ్ సర్టిఫికెట్ చిన్నమ్మ పేరు మీదనే తీయాలా?

వనజ_టీచర్:
అవునమ్మా, తల్లి పేరు మీదే. మీసేవకి వెళ్ళేటప్పుడు చిన్నాన్నగారి డెత్ సర్టిఫికెట్ జిరాక్స్ కూడా పట్టుకెళ్ళండి. బాబు బ్యాంక్ ఖాతాకి ఆధార్ లింక్ అయిందో లేదో ఈ వారంలోనే చూసుకోండి.