ఎక్స్‌పీఎస్ ఫోమ్ మీద ఫైబర్‌గ్లాస్ పొర ఎండకు ఉబ్బుతోంది

చిన్న క్యాంపింగ్ ట్రైలర్ పైకప్పుకని 25 మి.మీ. ఎక్స్‌పీఎస్ ఫోమ్‌కి (థర్మోకోల్ జాతిదే, కాస్త గట్టి పలక) రెండు వైపులా 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాముల) ఫైబర్‌గ్లాస్ గుడ్డ ఎపాక్సీతో (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెజిన్) అతికించాను. పాలియెస్టర్ రెజిన్ ఈ ఫోమ్‌ని కరిగించేస్తుంది, అందుకే దాని జోలికి పోలేదు.

వారం ఆరనిచ్చి బయట పెడితే రెండు గంటల ఎండకే పైవైపు అరచేతంత బుడగలు మూడు లేచాయి. నీడలో ఉన్న కిందివైపు బాగానే ఉంది. చిన్న రంధ్రం చేసి సిరంజితో ఎపాక్సీ ఎక్కించి బరువు పెట్టాను. మర్నాడు పక్కనే ఇంకోటి. పొర ఊడదీస్తే ఫోమ్ ముక్క ఒక్కటీ అంటుకుని రాలేదు, నున్నగా ఊడొచ్చింది.

రెండో ప్యానెల్‌కి 80 నంబర్ సాండ్‌పేపర్‌తో ఫోమ్ నునుపు పోయేదాకా రుద్దాను. బుడగలు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. రంగింకా వేయలేదు.

గుడ్డ పరిచే ముందు ఫోమ్ అంతా ముళ్ల రోలర్‌తో సన్నని చిల్లులు పెడితే ఈ ఉబ్బు ఆగుతుందా?