పంచాయతీలో ఐదేళ్లలో 9 క్యాన్సర్ కేసులు: కారణం బోరు నీళ్లా, మేనరికాలా? స్టడీ ఎలా మొదలుపెట్టాలి?

ఉద్దానం_పీజీ:
కమ్యూనిటీ మెడిసిన్ థీసిస్ కోసం అడుగుతున్నాను. సోంపేట వైపు ఒక పంచాయతీ. గత ఐదేళ్లలో రొమ్ము 3, నోరు 3, గర్భాశయ ముఖద్వారం 2, రక్త క్యాన్సర్ 1. ఊళ్లో సగం మంది బోరు నీళ్లంటున్నారు, మిగతావాళ్లు మేనరికాలంటున్నారు. ఈ 9 ఇళ్ల బోరు నీళ్లు టెస్ట్ చేయించి, పేషెంట్ల రక్తం జీన్ ప్యానెల్‌కి (ఒకేసారి చాలా జీన్లు చూసే పరీక్ష) పంపుదామని ప్లాన్. గడువు 18 నెలలు, డబ్బు తక్కువ. లోపాలేమైనా ఉంటే చెప్పండి.

గణాంకాల_గది:
డాక్టరు గారూ, నీళ్ల సీసాలు పక్కన పెట్టండి. ముందు తేలాల్సింది 9 నిజంగా ఎక్కువేనా అని. పంచాయతీ జనాభాని వయసు, ఆడ-మగ వారీగా విడగొట్టి, దగ్గరి క్యాన్సర్ రిజిస్ట్రీ రేట్లతో గుణిస్తే రావాల్సిన కేసులెన్నో తెలుస్తుంది. అవి 6 అనుకుందాం. 9ని 6తో భాగిస్తే 1.5. కానీ 95 శాతం హద్దులు (అసలు నిష్పత్తి ఉండదగ్గ మేర) 0.69 నుంచి 2.85 దాకా ఉంటాయి, 1 (అంటే మామూలు లెక్కే) కూడా ఆ మధ్యలోనే ఉంది. అంటే ఏమీ తేలనట్టే. పైగా నాలుగూ నాలుగు రకాల జబ్బులు. గర్భాశయ ముఖద్వారానిది దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ వైరస్ పనే, బోరుకి సంబంధం లేదు. ఒకే అవయవానికి, అదీ అరుదైన రకం, చిన్న వయసులో వరసగా వస్తే అప్పుడు అనుమానించాలి.

లెక్క తప్పేది ఇంకోచోట. ఇచ్ఛాపురం, కవిటి వాళ్లు చాలామంది బరంపురం పోతారు. మిగతావాళ్లు విశాఖ కేజీహెచ్‌కో, అగనంపూడి హోమీ భాభాకో. ఒక్క ఆసుపత్రి రిజిస్టరు పట్టుకుంటే సగం కేసులు దొరకవు. బయాప్సీ రిపోర్టు చూడనిదే కేసుగా రాసుకోవద్దు. "గడ్డ తీశారు" అన్నది క్యాన్సర్ కాదు.

థీసిస్‌కి ఒక్క క్యాన్సర్, ఒక్క కారణం తీసుకోండి. ఈ జిల్లాలో ఉంటూ అడ్డపొగని (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం) వదిలేయడం నాకైతే అన్యాయమనిపిస్తుంది. 1971లో అచ్చయిన సర్వేలో శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు చూస్తే, నూటికి 44 మంది దాకా చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని తాగేవాళ్లే. ఆ వేడీ పొగా నేరుగా తగిలేది గట్టి అంగిలికి. ఐసీడీలో (జబ్బుల అంతర్జాతీయ కోడ్ల జాబితా) సీ05.0. మిగతా చోట్ల అరుదైన ఈ క్యాన్సర్ మన దగ్గర కనిపించడానికి కారణం అదే.

లెక్క కూడా మీకు అనుకూలం. మామూలు వాళ్లలో అలవాటు 30 శాతం, ఆడ్స్ నిష్పత్తి (జబ్బు ఉన్నవాళ్లలో అలవాటు ఆడ్స్‌ని లేనివాళ్ల ఆడ్స్‌తో పోల్చిన లెక్క) 2 అయితే కేసులు 141, కంట్రోళ్లు (పోలిక కోసం తీసుకునే, ఆ జబ్బు లేనివాళ్లు) 141 మంది కావాలి. నిష్పత్తి 5 అయితే 26, 26 చాలు. కేసులు తక్కువైతే ఒక్కో కేసుకి ఇద్దరు కంట్రోళ్లని తీసుకోండి.

కంట్రోళ్ల దగ్గరే చాలా థీసిస్‌లు చెడతాయి. పళ్ల ఓపీ, ఈఎన్‌టీ, గుండె, ఊపిరితిత్తుల పేషెంట్లు వద్దు, వాళ్లలో పొగాకు అలవాటు ముందే ఎక్కువ. శుక్లాల ఆపరేషన్ వాళ్లూ పనికిరారు, పొగ శుక్లాలకీ కారణమే. అదే మండలం ఓటర్ల జాబితా నుంచి వయసు అటూ ఇటూ ఐదేళ్లలో, అదే లింగం వాళ్లని చీటీ తీసి ఎంచుకోండి.

వంశధార_ల్యాబ్:
నీళ్లు ఎలాగూ తీస్తానంటే ఇవి చూసుకోండి. బోరు 5-10 నిమిషాలు వదిలేశాక పట్టాలి, లేదంటే పైపులో నిలవ నీళ్లే వస్తాయి. ఆర్సెనిక్‌కి యాసిడ్‌తో కడిగిన పాలిథిన్ సీసా, నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కన్నా కిందికి. నైట్రేట్‌కి మాత్రం వేరే సీసా, ఐస్‌లో. నైట్రిక్ పోసిన సీసాలోంచే నైట్రేట్ చూస్తే మీరు పోసిందే మీకు తిరిగొస్తుంది. తాగునీటి హద్దులు ఆర్సెనిక్ లీటరుకి 0.01, నైట్రేట్ 45 మిల్లీగ్రాములు.

అసలు చిక్కు మాత్రం కాలం. గడ్డ క్యాన్సర్లకి బీజం పడేది సాధారణంగా పదేళ్లో ఇరవయ్యేళ్లో ముందు. హిరమండలం పైపు నీళ్లు వచ్చాక బోరు మానేసిన ఇల్లు, వలసపోయి గుజరాత్‌లోని వెరావల్ పడవల మీద గడిపిన మనిషి... ఇవాళ్టి సీసా వాళ్ల గురించి ఏమీ చెప్పదు. ఎక్కడెక్కడ, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, ఏ నీళ్లు తాగారో రాసుకోండి. ఉద్దానం కిడ్నీ జబ్బుకే నీళ్లలో ఇన్నేళ్లు వెతికినా ఒక్క కారణం ఖాయం కాలేదు, గుర్తుంచుకోండి.

బ్లాక్_స్లైడ్:
జీన్ ప్యానెల్ అందరికీ వద్దండీ, డబ్బు దండగ. పుట్టుకతో వచ్చిన మార్పు వల్ల కలిగేవి మొత్తం క్యాన్సర్లలో 5-10 శాతమే. ఆ ముగ్గురు రొమ్ము క్యాన్సర్ వాళ్లలో 50 లోపు వయసు, రెండు వైపులా రావడం, ట్రిపుల్ నెగటివ్ (రెండు హార్మోన్ గ్రాహకాలు, హెర్2 మూడూ లేని రకం), దగ్గరి బంధువులో అండాశయ క్యాన్సర్... వీటిలో ఏదైనా ఉన్నవాళ్లకే బీఆర్‌సీఏ (మార్పు ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే జీన్లు) చూడండి.

మేనరికం మాటకొస్తే, బీఆర్‌సీఏ మార్పు ఒక్క తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చినా చాలు, అందులో మేనరికం పాత్ర లేదు. ఇద్దరి నుంచీ రావాల్సిన ఫాంకోని అనీమియా, జీరోడెర్మా పిగ్మెంటోసమ్ లాంటి అరుదైన జబ్బులకే అది ముప్పు. మూడు తరాల వంశవృక్షం గీసేటప్పుడు మేనరికానికి జంట గీత వేయండి. మేనమామే మొగుడైనప్పుడు అదే మనిషి రెండు కొమ్మల్లో కనిపిస్తాడు, రెండు కేసులుగా లెక్కపడతాడు.

రక్తం 3-5 మి.లీ., ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో. హెపారిన్ ట్యూబైతే పీసీఆర్ (డీఎన్‌ఏని ఎన్నో రెట్లు చేసి చూసే పద్ధతి) దెబ్బతింటుంది. రిపోర్టులో "ప్రాముఖ్యం తెలియని మార్పు" అని వస్తే దాన్ని కారణంగా రాయకండి, ఇంట్లోవాళ్లకి జబ్బు ముద్ర వేయకండి. కౌన్సెలింగ్ ఎవరు చేస్తారో తేలకుండా ఎథిక్స్ కమిటీకి వెళ్లొద్దు.

ఉద్దానం_పీజీ:
అయితే అడ్డపొగకే మారుస్తాను. ప్రశ్నావళిలో దేని మీద జాగ్రత్త పడాలి? జీన్-అలవాటు కలిపి చూడొచ్చా?

గణాంకాల_గది:
కలిపి చూడాలంటే ఒక్కదానికి కావాల్సిన దానికి కనీసం నాలుగు రెట్ల మంది కావాలి. వదిలేయండి.

"పొగ తాగుతారా" అని ఒక్క ప్రశ్నతో సరిపెట్టొద్దు. చుట్టా, బీడీయా, నిప్పు లోపలికా, బయటికా, రోజుకెన్ని, ఏ వయసులో మొదలు, ఎప్పుడు మానారు, అన్నీ విడివిడిగా. అడ్డపొగ ఎక్కువగా ఆడవాళ్ల అలవాటు. కొడుకు, కోడలు పక్కనుంటే లేదనేస్తారు, ఆశా కార్యకర్తని తోడు పెట్టుకుని విడిగా అడగండి. పుండు పడ్డాక చుట్ట మానేసిన అమ్మ ఇవాళ "తాగను" అనే చెబుతుంది. అందుకని ప్రతి ప్రశ్నా జబ్బు బయటపడడానికి ఏడాది ముందు సంగతిగా అడగండి. కంట్రోల్‌కీ ఆ తేదీనే వర్తింపజేయండి.