కోఎంజైమ్ ఎ: ఆ ‘ఎ’ దేనికి? కాలేయ సారాన్ని బయట ఎందుకు ఉంచేవారు?

ప్రశ్న
ఎంజైమ్ పనికి తోడ్పడే చిన్న అణువైన కోఎంజైమ్ ఎలో ‘ఎ’ అంటే అడినిన్ అని ఒక నోట్స్‌లో, మొదట దొరికింది కాబట్టి ‘ఎ’ అని ఇంకో నోట్స్‌లో ఉంది. ఏది నిజం? ఇంకో సందేహం. కోఎంజైమ్ ఎని కొలిచే ప్రయోగానికి ముందు పావురం కాలేయ సారాన్ని కావాలనే గది ఉష్ణోగ్రతలో కొన్ని గంటలు వదిలేసేవారట. పాడైపోదా?

జవాబు 1
రెండూ కావండి. ‘ఎ’ ఎసిటేట్‌ది: ఎసిటేట్‌ను చురుకుపరిచేది అని. అణువులో అడినిన్ ఉన్నమాట నిజమే, పేరు మాత్రం దాన్నిబట్టి రాలేదు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో జీవరసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ లిప్‌మన్ పావురం కాలేయ సారంతో సల్ఫనిలమైడ్ అనే మందుకు ఎసిటేట్ నుంచి వచ్చే ఎసిటైల్ గుంపు తగిలిస్తుండగా (1945) ఇది బయటపడింది. నిల్వ ఉంచిన సారం పని మానేసేది. మరిగించిన తాజా సారం కొంచెం కలిపితే మళ్లీ అందుకునేది. మరిగినా చెడలేదంటే అది ఎంజైమ్ కాదు, వేడికి తట్టుకునే చిన్న అణువు.

జవాబు 2
పాడవాలనే ఉంచేది! సారంలోని ఎంజైములే అందులో ఉన్న కోఎంజైమ్‌ను తినేస్తాయి, ఎసిటైల్ గుంపును తగిలించే ఎంజైమ్ మాత్రం మిగులుతుంది. అప్పుడు బయటినుంచి కలిపిన కోఎంజైమ్ మేరకే చర్య నడుస్తుంది. గరిష్ఠ వేగంలో సగం రప్పించే మోతాదును ఒక యూనిట్ అన్నారు.

కొలిచేది మాత్రం తలకిందులుగా. సారంలో ఏటీపీ (చర్యకు శక్తినిచ్చే అణువు), ఎసిటేట్, సల్ఫనిలమైడ్ వేసి, చివర ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంతో చర్య ఆపి, మిగిలిన సల్ఫనిలమైడ్‌కు నైట్రైట్‌తో డయజో చర్య చేసి, రంగు కారకం కలిపి గులాబీ రంగు తెప్పిస్తారు. ఎసిటైల్ తగిలిన అణువుకు రంగు రాదు. రంగు ఎంత తగ్గితే కోఎంజైమ్ అంత పనిచేసినట్టు. అదనపు నైట్రైట్‌ను అమ్మోనియం సల్ఫమేట్‌తో తీసేయకపోతే అది రంగు కారకాన్నే చెడగొడుతుంది, లెక్క తప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు
చాలా బాగా అర్థమైందండీ. మరి కోఎంజైమ్ కలిపినా రంగు తగ్గకపోతే?

జవాబు 2
ముందు సిస్టీన్ (థయాల్‌ను చెడకుండా కాపాడే అమైనో ఆమ్లం) వేశారో లేదో చూడండి. కోఎంజైమ్ కొసన ఉన్నది థయాల్, అంటే గంధకం, హైడ్రోజన్ కలిసిన గుంపు. గాలి తగిలితే రెండు అణువులు గంధకాల దగ్గర డైసల్ఫైడ్‌గా అతుక్కుపోతాయి, క్షార ద్రావణంలో ఇంకా త్వరగా. 1951లో జర్మన్ జీవరసాయన శాస్త్రవేత్త ఫియోడోర్ లైనెన్ ఎసిటైల్ గుంపు ఆ గంధకం మీదే కూర్చుంటుందని చూపించాడు కాబట్టి, అది మూసుకుపోతే చర్య లేనట్టే. కోఎంజైమ్ వేయని గొట్టం ఒకటి పక్కన తప్పక పెట్టండి. అందులోనూ రంగు తగ్గితే సారాన్ని చాలినంతసేపు ఉంచలేదన్నమాట.

జవాబు 3
ఈ కోఎంజైమ్‌లో పాంటోథెనిక్ ఆమ్లం అనే విటమిన్ ఉందని పట్టుకోవడమే నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం. ఆమ్లంతో జలవిశ్లేషణ చేస్తే పాంటోథెనిక్ ఆమ్లం విరిగిపోతుంది, చేతికొచ్చేది బీటా అలనిన్ ముక్క. ఆ ముక్కే జాడ చెప్పింది. తర్వాత పేగు ఫాస్ఫటేజ్ (ఫాస్ఫేట్‌ను విడగొట్టే ఎంజైమ్), కాలేయ ఎంజైమ్ రెండూ కలిపి వాడితేనే విటమిన్ చెక్కుచెదరకుండా విడుదలైంది. 1947 పత్రంలో లిప్‌మన్ బృందం కోఎంజైమ్‌ను పాంటోథెనిక్ ఆమ్ల ఉత్పన్నమని ప్రకటించారు.