రోమా 16:1లో ‘సంఘ పరిచారకురాలు’ అంటే పదవా, సేవా?

ప్రశ్న: స్త్రీలకు పాస్టరుగా అభిషేకం ఇవ్వవచ్చా అనే వాదన ఎక్కడ మొదలైనా కాసేపటికి రెండు వచనాల దగ్గరికి వస్తుంది. కూడదనేవారు స్త్రీ పురుషుని మీద అధికారం చేయకూడదనే 1 తిమోతి 2:12 తీస్తారు, కూడుననేవారు రోమా 16:1 తీస్తారు. నా సందేహం రెండోదాని మీద. “కెంక్రేయలో ఉన్న సంఘ పరిచారకురాలగు ఫీబే” అని తెలుగు బైబిలులో ఉంది. ఇది పదవి పేరా, లేక సంఘంలో పనులు చూసిపెట్టే మనిషి అనా? మామూలుగా పరిచారిక అనగానే రాణివాసంలో వింజామర వీచే ఆమే గుర్తొస్తుంది. గ్రీకు తెలిసినవారు చెప్పండి. వేదాంత యుద్ధం వద్దండీ, మాట సంగతి చాలు.

జవాబు: మాట సంగతి ఎత్తితే వేదాంతం దానంతటదే వస్తుంది లెండి.

మూలంలో ఉన్న మాట ‘దియాకొనోస్’, అంటే సేవ చేసే మనిషి. గ్రీకులో స్త్రీకైనా పురుషుడికైనా ఇదే రూపం. ‘దియాకొనిస్స’ అనే ప్రత్యేక స్త్రీరూపం ఈ పత్రిక (ఉత్తరం) రాసిన పౌలు రాతల్లో కనబడదు, అది తర్వాతి కాలపు వాడుక. 325లో క్రైస్తవ సంఘాధ్యక్షులు కూడిన నీకయ సభ చేసిన 19వ నియమంలో అలాంటి స్త్రీల ప్రస్తావన ఉంది.

ఇక్కడ మన అనువాదకులను మెచ్చుకోవాలి. ఫిలిప్పీ 1:1లో “అధ్యక్షులకును పరిచారకులకును” అన్నారు, 1 తిమోతి 3:8లోనూ పరిచారకులే. అన్నిచోట్లా మూలం దియాకొనోసే. ఫీబే దగ్గర ఆ మాటకే ‘రాలు’ తగిలించారు తప్ప ‘పరిచారిక’ అనలేదు, గమనించండి. 1611 నాటి ఇంగ్లీషు కింగ్ జేమ్స్ అనువాదంలో ఈ పొందిక లేదు. పై రెండు చోట్లా డీకన్లు అని సంఘంలోని పదవి పేరు రాసి, ఫీబే దగ్గరికొచ్చేసరికి సర్వెంట్ అన్నారు. అది చదివి పెరిగినవారికి ఆమె పనిమనిషిలా కనబడిందంటే వాళ్ళ తప్పేం లేదు.

అలాగని దియాకొనోస్ కనబడ్డ ప్రతిచోటా పదవే అనడానికి లేదు. ఇదే పత్రిక 13:4లో లోకాధికారి దేవుని దియాకొనోస్, 15:8లో సాక్షాత్తు క్రీస్తే దియాకొనోస్. సందర్భాన్ని బట్టి పోవాలి. ఫీబే విషయంలో ఆ మాటను ఒక ఊరి సంఘానికి ముడిపెట్టారు. కెంక్రేయ కొరింథుకు తూర్పున ఉన్న రేవు. పౌలు పత్రికల్లో పేరు పెట్టి, ఫలానా ఊరి సంఘానికి దియాకొనోస్ అన్నది ఈమెనొక్కరినే. అందుకే నేను దీన్ని బాధ్యత గల స్థానంగానే చదువుతాను.

మరొకరు: డీకన్ వేరు, సంఘ పెద్ద వేరు కదా మాస్టారూ. ఫీబే డీకనే అనుకుందాం. దాంతో పాస్టరు అభిషేకం ఎలా వస్తుంది?

జవాబు: రాదు. ఈ వచనం ఒక్కదానితో అంతదూరం లాగేవాళ్ళు తొందరపడుతున్నట్టే. కథోలిక సంఘంలోనూ ఈ రెండు ప్రశ్నలూ వేరువేరు. స్త్రీలకు గురుపట్టం (ప్రీస్టుగా అభిషేకం) ఇచ్చే అధికారం తిరుసభకు, అంటే కథోలిక సంఘానికి, లేదని 1994లో రెండవ జాన్ పాల్ పోపు ఒక పత్రంలో తేల్చేశారు. దానికి ఆధారంగా ముందుకు తెచ్చింది యేసు పన్నెండుమంది పురుషులనే ఎంచుకున్నాడన్న సంగతీ, సంఘ సంప్రదాయమూ. డీకన్ల విషయం ఆ పత్రం తేల్చలేదు. దాన్ని పరిశీలించడానికి పోప్ ఫ్రాన్సిస్ 2016లో ఒక కమిషన్, 2020లో ఇంకొకటి వేశారు. ఇంగ్లండు సంఘం మొదటిసారి స్త్రీలను ప్రీస్టులుగా అభిషేకించింది కూడా ఆ 1994లోనే.

అయితే ఫీబే గురించి తర్వాతి వచనం కూడా చదవాలి. 16:2లో ఆమె అనేకులకు “సహాయురాలై యుండెను” అని ఉంది. మూలం ‘ప్రొస్తాతిస్’. పోషకురాలు, అండగా నిలిచిన పెద్దమనిషి అని అర్థం. దీనికి చుట్టమైన క్రియనే 1 తిమోతి 3:4లో “తన యింటివారిని బాగుగా ఏలువాడు” అన్నారు. ఫీబేని ఏలిక అనమని కాదు గానీ, ‘సహాయురాలు’ మరీ పలచన. ఇందాక మెచ్చుకున్న అనువాదకులే ఇక్కడ తక్కెడ వంచారు.

ఇంకొకరు: మరి 1 తిమోతి 2:12లోని “పురుషునిమీద అధికారము చేయుటకైనను ఆమెకు సెలవియ్యను” మాటేమిటి? దాన్నీ గ్రీకుతో మాయం చేస్తారా?

జవాబు: చేయలేమండీ, ఉన్నది ఉంది. తకరారల్లా ‘ఔథెంతెయిన్’ అనే క్రియతో. కొత్త నిబంధన మొత్తంలో ఒక్కసారి, ఇక్కడే వచ్చింది. పౌలు మామూలుగా అధికారానికి వాడే ‘ఎక్సూసియా’ను ఇక్కడ వాడలేదు. పెత్తనం చెలాయించడం అనే చెడ్డ అర్థమని ఒక పక్షం, సాధారణ అధికారమేనని ఇంకో పక్షం. నేను మొదటి పక్షం వైపు మొగ్గుతాను. కానీ దాని పక్కనే “ఉపదేశించుట” కూడా ఉంది, అది చెడ్డ మాట కాదు. నా పక్షానికి అసలు చిక్కు అదే. దాన్ని దాటేసి మాట్లాడేవాళ్ళను నమ్మను. అలాగే 1 కొరింథీ 14:34 చూపించి స్త్రీలు సంఘంలో ‘మౌనం’గా ఉండాలనేవారు అదే పత్రిక 11:5లో స్త్రీ ప్రార్థన చేయడం, ప్రవచించడం ఉన్నాయని మరిచిపోకూడదు.

మరొకరు: అభిషేకం పొందిన స్త్రీని తెలుగులో ఏమని పిలవాలి? పాస్టరమ్మ అంటే పాస్టరుగారి భార్య అనుకుంటున్నారు.

జవాబు: పాస్టరు గారు అంటే సరిపోయె. డాక్టరు గారు, కలెక్టరు గారు అన్నప్పుడు రాని ఇబ్బంది ఇక్కడెందుకు? కాపరి అన్నా ఇద్దరికీ ఒకటే.

మొదట అడిగినవారు: ఒక్క ప్రశ్న. 1 తిమోతి 3:11లో “పరిచర్యచేయు స్త్రీలును” అని ఉంది. అక్కడ మూలంలో పరిచర్య ఉందా?

జవాబు: లేదు. ‘గునైకాస్’ ఒక్కటే ఉంది. స్త్రీలు అనుకోవచ్చు, భార్యలు అనుకోవచ్చు. మనవాళ్ళు స్త్రీడీకన్లని అర్థం చేసుకుని ‘పరిచర్యచేయు’ చేర్చారు. కింగ్ జేమ్స్‌వాళ్ళు ‘వాళ్ళ భార్యలు’ అన్నారు. ఆ ‘వాళ్ళ’ కూడా మూలంలో లేదు.