పాటలో మాట మారకుండా నవ్వు పుట్టిస్తే, మారినది బాణీయా, వరసా?

(నాలుగు ఊళ్ళ మిత్రుల మాటలివి; ఎవరి మాటకు వారి ఊరి పేరే గుర్తు.)

విజయనగరం: మా తాతగారు హార్మోనియం మూసేస్తూ అనే వాక్యం నాకు సగమే గుర్తుంది. "మాట మాటగానే ఉండాలి, ... మారితేనే నవ్వు." ఆ ఖాళీలో 'వరస' (పాట ట్యూను) ఉండేదో 'బాణీ' ఉండేదో తేలడం లేదు. రిచర్డ్ చీజ్ అనే అమెరికా గాయకుడి పాటలు వింటుంటే అది మళ్ళీ గుర్తుకొచ్చింది. గొంతు చించుకుని పాడే రాక్, ర్యాప్ పాటలను ఆయన 2000 నాటి తొలి ఆల్బమ్ నుంచీ, విందులో అతిథులను పలకరిస్తున్నంత మెత్తగా, పియానో తోడుతో పాడుతున్నారు.

బొబ్బిలి: అది నిస్సందేహంగా 'బాణీ'యే. పేరడీలో వరస నిలిచి మాట మారుతుంది. ఇక్కడ రెండూ నిలిచి పాడే తీరు మారుతోంది. ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారి గురించి 'ద్వారం వారి బాణీ' అన్నప్పుడు మనం చెప్పేది ఫిడేలు పలికించిన తీరే కదా! హిందుస్తానీ సంగీతంలోని ధ్రుపద్ అనే పాత గానపద్ధతిలో డాగర్ కుటుంబం వారి 'డాగర్ బాణీ' కూడా అటువంటిదే. సినిమావారు 'బాణీ కట్టడం' అన్నప్పుడు మాత్రం ఆ మాటకు వరస అని అర్థం.

శ్రీకాకుళం: మాస్టారూ, 'బాణీ' అనే మాట 'వాణి' నుంచి వచ్చిందంటారు; అలా అయితే 'ణి'కి దీర్ఘం ఎందుకు? దాని సంగతి అలా ఉంచినా, ర్యాప్‌కు అసలు వరసే ఉండదు. దాన్ని రాగంగా పాడాలంటే కొత్తగా వరస కట్టవలసిందే. కాబట్టి తాతగారి మాట 'వరస'యే.

ఆమదాలవలస: మీరిద్దరూ 'నడక'ను, అంటే తాళం సాగే తీరును, మరిచారు. చీజ్ పాటల్లో వినిపించే స్వింగ్ అనే జాజ్ నడకలో ఒక్కొక్క దెబ్బను మూడు పాళ్ళు చేసి, రెండు ముందు స్వరానికి, ఒకటి తరువాతి దానికి ఇస్తారు. అంటే మూడేసి మాత్రలుగా సాగే మన త్రిశ్రమే. గురజాడవారి ముత్యాలసరం అనే ఛందస్సుది మూడు, నాలుగు మాత్రల నడక. రాత్రి బల్ల మీద వేళ్ళతో దరువు వేస్తూ దాన్ని త్రిశ్రంలో చదివి చూశాను. నాలుగో మాత్ర దగ్గర ప్రతిసారీ నాలుక తడబడింది, పక్కనున్న మా పాప పకపకా నవ్వింది. ఒక్క అక్షరమూ మార్చలేదు.

బొబ్బిలి: నడకల మాట వస్తే హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారిని తలవకుండా ఉండగలమా? కాళ్ళకు, చేతులకు, తలకు వేరువేరు తాళాలు పంచి 'పంచముఖీ పరమేశ్వర' అనిపించుకున్న ఆయనకు నడక మార్చడం నవ్వించే పని కాదు, విద్య. నేను 'బాణీ'నే నిలబెడతాను.

విజయనగరం: మా మేనత్తగారికి ఫోను చేసి అడిగాను. ఆవిడకు గుర్తున్నది ఈ మూడూ కావు. నాన్నగారు 'వాటం' అనేవారట.