గుండె వాల్వ్ కణాలు స్కాఫోల్డ్ (కణాలు పెరగడానికి ఆధారంగా ఇచ్చే స్పాంజిలాంటి ముక్క) లోపలికి దిగట్లేదు, పైగా అది ముడుచుకుపోతోంది

ఎమ్మెస్సీ_చివరిసెమ్: అందరికీ నమస్తే. కబేళా నుంచి ఐస్‌లో తెచ్చిన మేక గుండెలోంచి వాల్వ్ రేకులు కోసి, కొలాజినేజ్ అనే ఎంజైమ్‌తో పైపొర తుడిచేసి, లోపలి కణాల్ని పెంచుతున్నాను. ఫ్లాస్కులో బ్రహ్మాండంగా పెరుగుతున్నాయి, ఇప్పుడు ఆరో పాసేజ్ (అంటే ఆరోసారి కొత్త ఫ్లాస్కులోకి మార్చి పెంచడం). కైటోసాన్, జెలటిన్ కలిపి లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టించి ఫ్రీజ్ డ్రై చేసిన స్కాఫోల్డ్ మీద (గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంతో క్రాస్‌లింక్ చేశాను, అంటే కరిగిపోకుండా పోగుల్ని ఒకదానికొకటి ముడివేశాను) వేస్తే మాత్రం సగం చచ్చిపోతున్నాయి, బతికినవి పైనే ఉండిపోతున్నాయి. పదో రోజుకి అంచులు కాల్చిన అప్పడంలా లేచి ముడుచుకున్నాయి. వచ్చే నెలే సబ్మిషన్, చాలా టెన్షన్‌గా ఉంది.

జెల్_అన్న: చెల్లీ, ముందు ఒక పని చెయ్యి. కణాలు వెయ్యకుండా ఖాళీ ముక్కని మీడియంలో (కణాలకి పోసే పోషక ద్రవంలో) రాత్రంతా ఉంచు. పొద్దునకి మీడియం ఎరుపు పోయి పసుపు వస్తే కైటోసాన్ కరిగించిన ఎసిటిక్ యాసిడ్ ఇంకా లోపలే ఉన్నట్టు. పలచటి సోడియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, పీబీఎస్‌తో (కణాలకి హాని చెయ్యని ఉప్పు ద్రావణంతో) మళ్ళీ మళ్ళీ కడగాలి. మిగిలిపోయిన గ్లూటరాల్డిహైడ్ కూడా కణాల్ని చంపుతుంది, దానికి గ్లైసిన్ వాష్ ఇవ్వు, వీలైతే క్రాస్‌లింక్‌కి అంత విషం కాని జెనిపిన్‌కి మారిపో. లిక్విడ్ నైట్రోజన్‌లో చటుక్కున గడ్డకడితే రంధ్రాలు చిన్నవైపోతాయి, మైనస్ 20లో నిదానంగా కట్టనివ్వు. కణాల్ని కాస్త మీడియంలోనే చిక్కగా చుక్కలు చుక్కలుగా వేసి, రెండు గంటలాగి మిగతాది పొయ్యి.

గొర్రె_డేటా: ముడుచుకోవడం నీ ఒక్కదాని తప్పు కాదమ్మా, ఈ రంగాన్నే ఇన్నేళ్ళుగా ఏడిపిస్తున్న సమస్య అది. 2000లో బోస్టన్‌లో హోర్‌స్ట్రుప్ బృందం బ్యాక్టీరియా తయారుచేసే పీ4హెచ్‌బీ అనే పాలిమర్ పూసిన పీజీఏ (ఒంట్లో కరిగిపోయే ఇంకో పాలిమర్) మీద గొర్రె కణాల్ని పెంచి, 14 రోజులు పల్స్ బయోరియాక్టర్‌లో (గుండె కొట్టుకున్నట్టు ద్రవాన్ని పంపే యంత్రంలో) ఉంచి, ఆ వాల్వ్‌లని గొర్రెపిల్లలకి పెట్టారు, 20 వారాల దాకా పనిచేశాయి. తర్వాత వేరే బృందాల గొర్రెల్లో రేకులు పొట్టివైపోయి రక్తం వెనక్కి కారింది. గట్టి ప్లాస్టిక్ మీద ఎక్కువ పాసేజ్‌లు పెరిగిన వాల్వ్ కణాలు కండరంలా లాగడం నేర్చుకుంటాయి. నువ్వు రెండు, మూడో పాసేజ్ కణాలు వాడు, ఆల్ఫా ఎస్‌ఎంఏ (అలా లాగే కణాల్లో కనిపించే ప్రోటీన్) స్టెయిన్ చేసి చూడు. రోజూ స్కేలు పక్కన పెట్టి ఫోటో తియ్యి, ఎంత ముడుచుకుందో కొలిచిన లెక్క కూడా థీసిస్‌లో ఫలితమే.

ఒక_నాన్న: నేను సైన్స్ వాణ్ణి కాదు. కీళ్ళవాత జ్వరం వల్ల మా బాబుకి తొమ్మిదేళ్ళకే మెటల్ వాల్వ్ పెట్టారు. రోజూ రక్తం పలచబడే మాత్ర, మాటిమాటికీ ఐఎన్ఆర్ టెస్టు (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసేది). రాత్రి వాడి పక్కన పడుకుంటే టిక్ టిక్ వినిపిస్తుంది. పిల్లాడితోపాటు పెరిగే వాల్వ్ నిజంగా వస్తుందా అండీ?

గొర్రె_డేటా: వాల్వ్ ఎప్పటికొస్తుందో మాట ఇవ్వలేనండీ. కానీ మిన్నెసోటాలో ఫైబ్రిన్‌లో కణాలు పెంచి, ఆ కణాల్ని తీసేసిన రక్తనాళం గొట్టాలు గొర్రెపిల్లలతోపాటు పెరిగాయని 2016లో చూపించారు. మాత్ర మాత్రం ఒక్కరోజు కూడా మానొద్దు.

ఎమ్మెస్సీ_చివరిసెమ్: అన్నా, ఖాళీ ముక్క పెట్టాను. పొద్దున తీసి చూస్తే నిమ్మరసం రంగు. ఈ రోజే కొత్త బ్యాచ్ మైనస్ 20లో పెట్టాను, రెండో పాసేజ్ వయల్ కూడా ఒకటి ఉంది. నాన్నగారూ, మీ బాబు గురించి మా ల్యాబ్‌లో అందరికీ చెప్పాను.